ఊరికే రాలేదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఓపెన్ సోర్స్ గురించి, అంటే కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేర్ గురించి ఓ వ్యాసం వేశారు. హెడ్డింగ్ 'ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్'. కింద పది పన్నెండు అప్లికేషన్ల పేర్లు, దేనికి బదులు ఏది వాడుకోవచ్చో ఒక పట్టిక, చివర్లో ఒక హెచ్చరిక: "వీటి కోడ్‌ను ఎవరైనా మార్చేయగలరు కాబట్టి భద్రత విషయంలో జాగ్రత్త." జాబితా బాగుంది, అందులో సగం నేను రోజూ వాడేవే. హెడ్డింగూ, ఆ చివరి వాక్యమూ మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయాయి. నేను పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు కట్టి బతుకుతున్నవాణ్ని, పత్రికలకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు, కాబట్టి ఎక్కడైనా మాట తూలితే సర్దుకుని చదవండి. నిడివి ఎక్కువైందనుకుంటే కత్తెర ఎలాగూ మీ దగ్గరే ఉంది.

ముందు ఆ 'ఊరికే' సంగతి. ఈ మాటకు మనకు ఎన్ని అర్థాలో చూడండి. డబ్బులివ్వకుండా వస్తే ఊరికే వచ్చిందంటాం. పనేం లేకుండా కూర్చుంటే ఊరికే కూర్చున్నాడంటాం. "ఎందుకలా అన్నావ్?" అంటే "ఊరికే అన్నా". మీ హెడ్డింగ్ చదివినవాళ్లకు ఈ మూడు అర్థాలూ ఒకేసారి తగులుతాయి: డబ్బులక్కర్లేదు, చేసినవాడికి వేరే పనేం లేదు, ఎందుకు చేశాడో కారణం కూడా లేదు. ఇంగ్లీషువాళ్లకంటే ఒక ఇబ్బంది ఉంది, వాళ్ల 'ఫ్రీ' అనే మాటలో డబ్బులక్కర్లేకపోవడమూ స్వేచ్ఛా రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఆ గందరగోళం పడలేకే 1998లో, నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ కోడ్‌ని బయటపెడతానని ప్రకటించిన రోజుల్లో, క్రిస్టీన్ పీటర్సన్ అనే ఆవిడ 'ఓపెన్ సోర్స్' అనే మాటను సూచించింది. మనకా గొడవ లేదు. ఉచితానికో మాట, స్వేచ్ఛకో మాట ఎప్పటినుంచో ఉన్నాయి. చేతిలో రెండుండగా తప్పుదాన్ని ఎందుకు తీసుకోవాలని నా బాధ. (పైగా ఉచితం అంటే అసలు 'తగినది' అని అర్థం, ఉచితానుచితాలు అన్నప్పుడు వచ్చేది ఆ అర్థమే. అది 'డబ్బుల్లేకుండా' ఎప్పుడైందో మీ దగ్గర భాష గురించి రాసేవారెవరైనా ఉంటే చెప్పండి, నిజంగానే తెలుసుకోవాలనుంది.)

స్వేచ్ఛ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ కథ మొదలైందే అక్కడ. రిచర్డ్ స్టాల్మన్ పేరు మీ పాఠకుల్లో కొందరైనా వినే ఉంటారు. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ ఏఐ ల్యాబులో ఆయన ప్రోగ్రామర్‌గా పనిచేసే రోజుల్లో వాళ్లకో కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది, కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. పాత ప్రింటరూ ఇరుక్కునేదే, కానీ దాని ప్రోగ్రామ్ వీళ్ల చేతిలో ఉండేది కాబట్టి, ఇరుక్కోగానే ప్రింట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లందరికీ కబురు వెళ్లేలా ఆయన కోడ్ చేర్చి పెట్టుకున్నాడు. కొత్తదానికి ఆ కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న ఓ మనిషి దగ్గరికి వెళ్లి అడిగితే ఇవ్వనని మాటిచ్చానన్నాడు. ఇందులో తమాషా ఏంటంటే ఆ ప్రింటర్‌ని ల్యాబు కొనలేదు, జెరాక్స్ కంపెనీ కానుకగా ఇచ్చింది. అంటే మీ లెక్కన ఊరికే వచ్చిందే! 1983లో ఆయన, అందరూ స్వేచ్ఛగా వాడి మార్చుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ కడతానంటూ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఉన్న కోపానికీ డబ్బుకీ సంబంధం లేదు, నా ఎదురుగా ఉన్న మెషీన్‌ని నన్ను బాగుచేసుకోనివ్వరా అన్న కోపం అది.

అంత పాత కథ ఎందుకంటారా, మొన్నమొన్నటిదే చెప్తాను. రెడిస్ అని ఒకటుంది, వెబ్‌సైట్ల వెనకాల డేటాను మెమరీలో పెట్టుకుని అడగ్గానే చకచకా అందించే సాఫ్ట్‌వేర్, మా పనిలో అది లేని చోటు తక్కువ. 2024 మార్చిలో ఆ కంపెనీ లైసెన్స్ మార్చేసింది. నేను అంతకుముందూ పైసా కట్టలేదు, ఆ తర్వాతా కట్టక్కర్లేదు, కాబట్టి మీ హెడ్డింగ్ ప్రకారం ఏమీ జరగలేదన్నమాట. కానీ కొత్త లైసెన్స్‌లో దాన్ని సర్వీసుగా అందించేవాళ్ల మీద ఆంక్షలు పెట్టారు, దాంతో ఓపెన్ సోర్స్ అని పిలవడానికి వీల్లేకుండా పోయింది. పది రోజులు తిరక్కుండానే, అప్పటిదాకా దానిమీద పనిచేసిన కొందరు పాత లైసెన్స్ కింద ఉన్న చివరి వెర్షన్ తీసుకుని, 'వాల్కీ' అని పేరు పెట్టి, లినక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నీడన కొనసాగించేశారు. ఎవరి పర్మిషనూ అడగలేదు, అడగక్కర్లేదు. ఏడాది తర్వాత రెడిస్ కంపెనీ కూడా దిగొచ్చి మళ్లీ ఓ ఓపెన్ సోర్స్ లైసెన్స్ చేర్చింది. ఊరికే దొరికేవి చాలా ఉంటాయి, ఇలా పట్టుకుని వెళ్లిపోవడం అన్నిటితో కుదరదు.

ఇక నా సంగతి. పొద్దున లాప్‌టాప్ తెరిచిన దగ్గర్నుంచి లెక్కేస్తే, కోడ్ రాసుకునే ఎడిటర్‌లో చాలా భాగం ఓపెన్ సోర్స్, బ్రౌజర్ లోపలి ఇంజిన్ ఓపెన్ సోర్స్, మార్పులన్నీ దాచుకునే గిట్, సర్వర్ మీద లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద అడిగినవాళ్లకు పేజీలు అందించే ఎన్‌జిన్‌ఎక్స్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. గిట్ సంగతే తీసుకుంటే, లినక్స్ వాళ్లు అంతకుముందు వాడుతున్న బిట్‌కీపర్ అనే అలాంటి టూల్‌నే ఓ కంపెనీ డబ్బుల్లేకుండానే ఇచ్చింది, 2005లో ఆ సదుపాయం తీసేసుకుంది, దాంతో లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని గిట్ మొదలుపెట్టాడు. (చూశారా, అక్కడా ఊరికే వచ్చిందే ముంచింది.) అసలు వెబ్ అనేదే ఇలా వచ్చింది. 1993 ఏప్రిల్ 30న, వెబ్ పుట్టిన చోటైన సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ వెబ్ కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చని రాసిచ్చింది. అదే ఏడాది, ఇంటర్నెట్‌లో సమాచారం చూసుకోవడానికి అప్పట్లో వెబ్ కన్నా పేరున్న గోఫర్ అనే పద్ధతికి ఫీజు ఉండొచ్చని దాన్ని తయారుచేసిన యూనివర్సిటీ చెప్పింది, జనం అటునుంచి ఇటు వచ్చేశారు. ఇన్ని అంతస్తులు కట్టి ఉన్న ఇంటికి నేను వేసేది పైన సున్నం పూత. 'వెబ్‌సైట్ కట్టాను' అని చెప్పుకుంటాను కానీ, ఒక కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టగానే వచ్చి పడే వందల ప్యాకేజీల ఫోల్డర్‌ని చూసినప్పుడల్లా ఆ మాట అనడానికి కొంచెం సిగ్గేస్తుంది. వాటిలో నేను తెరిచి చదివినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తేరగా వచ్చింది కదా అని తేలిగ్గా చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని, అదే చెప్పబోతున్నాను.

రెండేళ్ల కిందట ఓ తెలుగు సైట్ చేశాం. మొదటి పేజీలో హెడ్డింగుల వరుస ఉంటుంది కదా, చోటు చాలదు కాబట్టి ప్రతి హెడ్డింగునీ నలభై అక్షరాల దగ్గర కత్తిరించి మూడు చుక్కలు పెట్టాలి. ఆ పనికి ఓ చిన్న లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన, మన కోడ్‌లో కలుపుకునే ప్రోగ్రామ్) ఉంది, తెచ్చి పెట్టాను. సైట్ లైవ్‌కి వెళ్లిన మర్నాడు క్లయింట్ నుంచి స్క్రీన్‌షాట్లు. ఒకచోట 'ప్రభుత్…', ఇంకోచోట 'రాష్ట్…', మరోచోట 'కోడి' కాస్తా 'కోడ'. "మీవాళ్లకి తెలుగు రాదా?" అని ఒక్క లైను.

ఎందుకలా అయిందో చెప్తాను, ఇది కాస్త ఓపిగ్గా చూడాల్సిన విషయం. 'లక్ష్మి' అనే మాటలో ఎన్ని అక్షరాలు? చిన్నపిల్లాడైనా రెండంటాడు: ల, క్ష్మి. కంప్యూటర్‌ని అడగండి, ఏడంటుంది. దానికి లోపల కనిపించేది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మనకు ఒత్తుగా కనబడేది దానికి పొల్లూ తర్వాతి హల్లూ పక్కపక్కన ఉండటం. స్క్రీన్ మీదికి వచ్చేటప్పుడు ఆ ఏడింటినీ చూసి, ఎక్కడ ఏ ఒత్తు రావాలో, ఎంత కిందికి దిగాలో తేల్చి గీయించే ఇంజిన్ వేరే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్, అదీ ఓపెన్ సోర్సే. ఈ లైబ్రరీ మాత్రం ఆ ఏడింటిని ఏడు అక్షరాలనుకుని, నలభై లెక్కపెట్టి, అక్కడ ఏముందో చూడకుండా కత్తి వేసేస్తోంది. నలభయ్యోది పొల్లు అయితే 'ప్రభుత్' అని వేలాడుతుంది, నలభై ఒకటోది గుడి అయితే గుడి ఎగిరిపోయి కోడి కోడవుతుంది.

ఆ రోజు నాకున్న టెన్షన్‌లో ఇదంతా ఆలోచించలేదు. లైబ్రరీ పేజీకి వెళ్లి, ఇష్యూ (అంటే ఫిర్యాదు) తెరిచి, "మీ లైబ్రరీ తెలుగులో అస్సలు పనిచేయట్లేదు, ప్రొడక్షన్‌లో ఉన్నాం, అర్జెంటుగా సరిచేయండి" అని రాసి పడేశాను. నమస్కారం లేదు, ఉదాహరణ లేదు. దాని లైసెన్స్‌లో పెద్దక్షరాలతో రాసే ఉంటుంది, ఇది ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం, ఏ గ్యారంటీ లేదు అని. ఎవరు చదువుతారు? నాలుగు రోజులు జవాబు లేదు. నాలుగు రోజులూ నేను మా మేనేజర్‌తో "వాళ్లకి చెప్పానండీ, ఫిక్స్ చేయట్లేదు" అంటూనే ఉన్నాను, వాళ్లేదో నా దగ్గర జీతం తీసుకుంటున్నట్టు.

ఐదో రోజు జవాబొచ్చింది. "ఆలస్యానికి సారీ. ఈ లిపి నాకు చదవడం రాదు. ఎక్కడ తెగొచ్చో, ఎక్కడ తెగకూడదో ఒక పది ఉదాహరణలు పంపగలరా?" అంతే. నా దురుసు మాటల గురించి ఒక్క ముక్క లేదు. అది చదివి సిగ్గుపడ్డాననుకోకండి, అప్పటికింకా లేదు, "ఇదీ నేనే చేయాలా" అనుకున్నాను. ఉదాహరణలు రాయడానికి కూర్చున్నాకే తెలిసింది, ఎక్కడ తెగకూడదో నాకూ మాటల్లో చెప్పడం రాదని. ఒత్తు మధ్యలో తెగకూడదు, సరే. సున్నా ముందు? విసర్గ ముందు? నకారపొల్లుతో ముగిసే 'లండన్' లాంటి ఇంగ్లీషు మాటైతే ఆ పొల్లు నిజమైన ముగింపే కదా, దాన్ని తెగినట్టు అనుకోకూడదు. పది అనుకున్నవి ఇరవై మూడయ్యాయి.

ఆ పని చేస్తుండగా తెలిసిన ఇంకో సంగతి. బ్రౌజర్లలోనే మాటల్ని సరైన అక్షరాలుగా విడగొట్టి ఇచ్చే ఏర్పాటు ఉంది, దాన్ని వాడితే సరిపోతుంది కదా అని కోడ్ రాసి పంపాను. నా మెషీన్‌లో అన్ని టెస్టులూ పాస్. వాళ్ల టెస్ట్ మెషీన్‌లో 'క్ష' దగ్గర ఫెయిల్. సగం రోజు జుట్టు పీక్కున్నాక అర్థమైంది, కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్ పాత నిబంధన ప్రకారం 'క్' ఒక ముక్క, 'ష' ఇంకో ముక్క, మధ్యలో తెంపినా తప్పు లేదు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే తెలుగు లాంటి లిపుల్లో ఇలాంటి సంయుక్తాక్షరాల్ని విడదీయకూడదని నిబంధన మార్చారు. టెస్ట్ మెషీన్‌లో ఉన్నది పాతది. దానికి ఆ లైబ్రరీని చూసుకునే మెయింటెయినరే దారి చూపించాడు, ముక్క పొల్లుతో ముగిసి, పక్కనే హల్లు ఉంటే రెంటినీ కలిపేసేలా రెండు లైన్లు. తెలుగు ఒక్క అక్షరం రానివాడు! నేను పంపిన ఇరవై మూడు ఉదాహరణల్ని పక్కన పెట్టుకుని, వాటిలో పొల్లు ఏ గుర్తో పట్టుకుని రాశాడు. అసలు కోడ్‌లో మెర్జ్ అయింది, కొత్త వెర్షన్ వచ్చింది, మా 'ప్రభుత్' మళ్లీ 'ప్రభుత్వం' అయింది.

గిట్‌లో ప్రతి మార్పు పక్కనా అది చేసినవాళ్ల టైము, వాళ్ల టైమ్‌జోన్‌తో సహా ఉంటుంది. ఊరికే (ఇది మూడో అర్థం) ఆ లైబ్రరీ చరిత్ర వెనక్కి తిప్పుతూ చూశాను. ఆరేడేళ్ల మార్పులు, దాదాపు అన్నీ రాత్రి పదకొండు దాటాక, లేకపోతే శని ఆదివారాల్లో. సిగ్గు అప్పుడేసింది.

ఇప్పుడు మీ రెండో వాక్యానికి వస్తాను, ఎవరైనా మార్చేయగలరు అన్నదానికి. మార్చగలరు, తమ కాపీని. అసలుదాంట్లోకి ఆ మార్పు చేరాలంటే ఏం జరుగుతుందో పైన చెప్పిందే ఉదాహరణ: పంపాలి, చూస్తారు, టెస్టులు నడుస్తాయి, ఇది మార్చు అది మార్చు అంటారు, ఆ తర్వాత తాళం చేతిలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి. కాబట్టి భయపడాల్సింది 'ఎవరైనా' గురించి కాదండీ. ఆ తాళం ఒక్కడి చేతిలోనే ఉండి, ఆ ఒక్కడూ అలిసిపోయి ఉండటం గురించి.

ఎక్స్‌జెడ్ సంగతి మీ పత్రికలో వచ్చిందో లేదో నాకు గుర్తులేదు. ఫైళ్లను కుదించే చిన్న టూల్ అది, లినక్స్‌లో దాదాపు ప్రతి చోటా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒకే ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకునేవాడు, ఆరోగ్యం బాగోలేదని బహిరంగంగానే చెప్పుకున్నాడు కూడా. 'జియా టాన్' అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేశారు. అదే సమయంలో వేరే పేర్లతో కొందరు "ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకు అప్పగించొచ్చు కదా" అని ఆ మనిషిని పొడుస్తూ వచ్చారు, వాళ్లూ ఆ ముఠాయే అయుండొచ్చని తర్వాత అనుమానాలొచ్చాయి. చివరికి తాళం ఆ జియా టాన్ చేతికొచ్చింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టేశారు, సర్వర్లలోకి ఎవరికీ తెలియకుండా చొరబడేందుకు. పట్టుకున్నది ఎవరనుకున్నారు? పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, వేరే ఏదో కొలుచుకుంటూ, తన సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న బయటపెట్టాడు. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే ఆ వెర్షన్లు ప్రపంచమంతా పాకేవి.

దీన్ని చూసి "అదే కదా మేం చెప్పింది" అంటారేమో. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆయన లోపలికంటా వెళ్లి చూడగలిగాడు అని నేను జవాబు చెప్పగలను, మావాళ్లంతా అదే చెప్తారు. కానీ నిజాయితీగా మాట్లాడుకుంటే, ఆ దొంగదారిని మేల్కొలిపే ముక్క అందరూ చూసే కోడ్‌లో లేదు, విడుదల చేసిన ప్యాకెట్‌లో మాత్రమే కలిపారు. అందరూ చూడొచ్చు అంటే అందరూ చూస్తున్నారని కాదు. నాలుగు రోజులు జవాబు రాలేదని ఇష్యూలో నేను రాసిన మాటకూ, ఆ మనిషిని పొడిచిన మాటలకూ తేడా ఎంతుందా అని ఒకరోజు కూర్చుని పోల్చి చూసుకున్నాను. పెద్దగా లేదు.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అని గోల అయింది గుర్తుందా? వెబ్‌సైట్‌కీ మనకీ మధ్య మాటలు రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో తప్పు. అవతలి కంప్యూటర్ "ఇదిగో ఈ మాట, దీని పొడవు ఇంత, నాకు తిరిగి పంపు" అంటుంది, చెప్పిన పొడవు నిజమో కాదో చూసుకోకుండా ఇటువైపు అంత పొడవూ పంపేస్తుంది, పక్కన మెమరీలో ఉన్న పాస్‌వర్డులతో సహా, ఒక్కో దఫా 64 కేబీ దాకా. రెండేళ్లు ఎవరూ గమనించలేదు. ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆనుకుని ఉన్న ఆ ప్రాజెక్టుకు అప్పటికి ఏడాదికి వస్తున్న విరాళాలు దాదాపు 2 వేల డాలర్లు. గోలయ్యాక పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా కలిసి నిధి పెట్టాయి, మంచిదే.

డబ్బు ఇవ్వొచ్చు కదా అంటారు. నేను పనిచేసిన ఓ కంపెనీలో ప్రయత్నించాను. మేనేజర్ వెంటనే ఒప్పుకున్నాడు, పాపం. అకౌంట్స్‌వాళ్లు ఇన్వాయిస్ అడిగారు. విరాళానికి ఇన్వాయిస్ ఉండదంటే, అయితే వెండర్‌గా రిజిస్టర్ చేయించండన్నారు, ఫారం పంపారు. దాంట్లో కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు, అధీకృత ప్రతినిధి సంతకం, గత మూడేళ్ల టర్నోవరు. రాత్రి పదకొండు తర్వాత కోడ్ రాసేవాడి టర్నోవరు! అక్కడితో ఆగిపోయింది. లైసెన్స్ కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌కి దీనికి వంద రెట్లు, ఒక్క ప్రశ్న లేకుండా, ఆ వారమే కట్టారు.

మరోవైపు కొత్త బాధ ఒకటి తయారైంది. ఏఐని అడిగి, అది చెప్పిన 'భద్రతా లోపం' తనకే అర్థం కాకుండా రిపోర్టుగా పంపేవాళ్లు. నెట్ మీద డేటా తెచ్చి పంపే కర్ల్ అనే టూల్‌ని 1990ల నుంచి చూసుకుంటున్న డేనియల్ స్టెన్‌బర్గ్ దీనిమీద చాలాసార్లు బహిరంగంగా మొత్తుకున్నాడు, చూడ్డానికి పద్ధతిగా, నమ్మేలా ఉంటాయి, గంటలు పెట్టి చదివితే అందులో చెప్పిన ఫంక్షనే ఉండదు. నేనూ ఏఐ వాడతాను, ఇప్పుడు వాడనిదెవరు. కానీ నువ్వు చదవనిదాన్ని ఇంకొకడిచేత చదివించడం ఏం మర్యాదో నాకర్థం కాదు. నా పాత మొరటు ఇష్యూ అయినా నయం, కనీసం బగ్ నిజం.

మీ టెక్నాలజీ పేజీకి నేను అడిగేది చిన్నదే. 'ఊరికే' తీసేసి 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అని రాయండి, కొంచెం బరువుగా ఉందనుకుంటే ఓపెన్ సోర్స్ అనే ఉంచేయండి, అందరికీ తెలిసిందే. ఆ పట్టికలో ప్రతి అప్లికేషన్ పక్కనా దాన్ని ఎవరు చూసుకుంటున్నారో, తప్పు కనబడితే ఎక్కడ చెప్పాలో ఒక గడి పెంచండి. చెప్పేటప్పుడు ఏం చేస్తే ఏం జరిగిందో, ఏం జరగాల్సిందో రాసి, ఒక స్క్రీన్‌షాట్ పెట్టమని చెప్పండి. కోడ్ రానివాళ్లు కూడా చేయగలిగిన పని ఇది. తెలుగు అక్షరం ఎక్కడ విరిగిందో తెలుగు చదివేవాళ్లు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

చివరిగా ఒక విషయం, ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆ వ్యాసాన్ని నేను చదివింది మీ వెబ్‌సైట్‌లో. పక్కన 'ఇవీ చదవండి' అని వరుస ఉంది చూడండి, అందులో పై నుంచి మూడో హెడ్డింగ్ 'రాష్ట్…' అని ఆగింది. చూడగానే చెయ్యి ఊరుకోలేదు, బ్రౌజర్‌లో మీ పేజీ కోడ్ తెరిచాను. అదే లైబ్రరీ, మేం సరిచేసినదానికన్నా ముందు వెర్షన్. ఎలా తెలిసిందంటే, దాని లైసెన్స్ పెట్టే షరతు ఒక్కటే, ఎవరు చేశారో ఆ పేరున్న నాలుగు లైన్లు తీసేయకూడదని. మీ టెక్నికల్ టీమ్ తీసేయలేదు, ఆ పేరు మీ మొదటి పేజీ కోడ్‌లో భద్రంగా ఉంది. వెర్షన్ నంబరు ఒక్కటి మార్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనండి, ఐదు నిమిషాల పని. ఎక్కడైనా అడ్డం తిరిగితే నాకు మెయిల్ చేయమనండి, రాత్రి పదకొండు తర్వాత ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక వెబ్ ప్రోగ్రామర్